నీళ్లు పోసే చేతులు

కనకమ్మసత్రం చుట్టుపక్కల పాతికేళ్ల లోపు వాళ్లనెవరినైనా నిలబెట్టి, "పసికందుగా ఉన్నప్పుడు నీకు నీళ్లు పోసిందెవరు?" అని అడగండి. సగంమంది మా కుప్పమ్మత్త పేరే చెబుతారు. వాళ్లందరి ముక్కులూ తానే లాగి సరిచేశానని ఆమె గొప్ప. తిరుత్తణి బస్సులో కండక్టరుగా చేసే ఆరుముగం కనిపిస్తే చాలు, నా చెవిలో మొదలుపెట్టేది.

"ఆ ముక్కు చూసినావా మే? పుట్టినప్పుడు బోండా మాదిరి ఉండె. నేను లాగినా కాబట్టే వానికి పెండ్లయింది."

"మెల్లగా చెప్పత్తా, వింటాడు."

"వింటే విననీ. టిక్కెట్టు కొట్టకుండా వదులుతాడేమో చూద్దాం."

ఆమె మా నాన్నకు అక్క. నా పేరు దీపిక. ఆమె పక్కింటి వరండాలోనే నా కుట్టుమిషను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఈ సంగతి చెబుతున్నప్పుడు మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

అత్త నీళ్లు పోసే తీరు చూడాలి. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, రెండు కాళ్లూ బారజాపి కూర్చునేది. బిడ్డను ఆ కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టి గోరువెచ్చని కొబ్బరినూనెతో కాళ్లు, చేతులు, వీపు అంతా మర్దనా చేసేది. తర్వాత పెసరపిండి. కట్టెల పొయ్యిమీద కాగిన నీళ్లను తొట్టిలో చన్నీళ్లు కలిపి తొరిపి, మోచేయి ముంచి వేడి చూసుకునేది. వేళ్లు మొద్దుబారి ఉంటాయి, అబద్ధం చెబుతాయి, మోచేయి చెప్పదు అనేది. బిడ్డ కేకలు పెడుతుంటే తనూ అంతకంటే పెద్దగా తిట్టేది. "ఏడువు, ఏడువు, మీ నాయన కూడా ఇట్లనే ఏడ్చినాడు!" అంతా అయ్యాక ఆఖరి గుక్కెడు నీళ్లు దోసిట్లో పట్టి, బిడ్డ తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "రామయ్య రక్ష, మురుగయ్య రక్ష, నూరేండ్లు ఆయుసు నా కన్నా" అని నేలమీద వదిలేది. ఆ మాట అనకుండా ఏ బిడ్డనూ తల్లి చేతికి ఇచ్చిన మనిషి కాదు.

మా ఏకాంబరం మామ వరండాలో కూర్చుని బీడీ కాలుస్తూ సణిగేవాడు. "ఊళ్లో పిలకాయలందరికీ వేణ్ణీళ్లు. నన్ను మాత్రం బోరింగు కాడికి పొమ్మంటాది."

ఇంత సాగిన చేతులకు ఒకరోజు మచ్చ వచ్చింది.

మా వీధి చివర కమలమ్మగారి ఇల్లు. పాత కాపు కుటుంబం, నిమ్మతోట ఉంది. కొడుకు ముకేశ్ మంచినీళ్ల క్యాన్లు వేసే వ్యాపారం చేస్తాడు. కోడలు లక్ష్మీప్రియ తిరువళ్లూరు దగ్గర కంపెనీలో పని చేస్తుంది. వాళ్లకు పెళ్లయిన చాలాకాలానికి హర్షవర్ధన్ పుట్టాడు. మామూలుగా అయితే మూడు నెలలు దాటాక నీళ్లు పోయడం తల్లే చూసుకుంటుంది. లక్ష్మీప్రియ పొద్దున్నే కంపెనీ వ్యాను ఎక్కాలి కాబట్టి అత్త మానలేదు. వాడికి ఏడాది నిండినా రోజూ పోయి నీళ్లు పోసి, అన్నం తినిపించి వచ్చేది.

అత్త చేతుల్లో ఏడవని బిడ్డ వాడొక్కడే. నెత్తిమీద నీళ్లు పడితే నవ్వేవాడు. రెండు చేతులతో తొట్టిలో నీళ్లు కొట్టి అత్త ముఖమంతా తడిపేవాడు. మాటలు ఇంకా రాలేదు కానీ ఆమెను చూస్తే "కుప్పా!" అని అరిచేవాడు. అరవై నాలుగేళ్ల మనిషి, పేరు పెట్టి పిలిపించుకుని మురిసిపోయేది.

వాడి పుట్టువెంట్రుకలు తిరుత్తణి కొండకు మొక్కు. మేనమామ మునిరాజ్ ఒళ్లో కూర్చోబెట్టి గుండు కొట్టించాలి. ఆ ఏడాదే కమలమ్మగారి భర్త పోయారు. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాదిపాటు కొండెక్కకూడదు. అందుకని జుట్టు మెడమీదికి దిగింది. అత్త దానికి కొబ్బరినూనె రాసి రెండు పిలకలు వేసేది.

వాడు నడక నేర్చిన కొత్తల్లో జ్వరం రావడం, పోవడం మొదలైంది. చిగుళ్లు ఉబ్బాయి. అన్నం ముద్ద పెడితే ఉమ్మేసేవాడు. ఒళ్లు పాలిపోయింది. లక్ష్మీప్రియ డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటే అత్తే నవ్వింది.

"పండ్లొస్తాండాయి మే. దీనికి ఆస్పత్రా? పండ్లొచ్చేటప్పుడు జరం రాని బిడ్డ యాడుంది?"

ఇంతమంది పిల్లలను చూసిన చేయి. ఆమె పండ్లంటే పండ్లే. వేలికి తేనె రాసుకుని చిగుళ్లు రుద్దింది. వేలికి నెత్తురంటితే పన్ను పొడుచుకొస్తోందని సంతోషపడింది.

ఆ తర్వాతి ఆదివారం నేను రవికెలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. అత్త అప్పుడే బిడ్డకు నీళ్లు పోయడానికి వచ్చి పెరట్లో పొయ్యి రాజేస్తోంది. లక్ష్మీప్రియ వాడి చొక్కా విప్పి, ఒక్కసారిగా అరిచింది.

"అవ్వా, ఇట్ల రా. ఇదేంది?"

వాడి పక్కటెముకల మీద నల్లగా, నీలంగా నాలుగు మచ్చలు. వీపు వైపున ఇంకొకటి.

"పడినాడేమో మే. నడస్తాండాడు గదా" అంది అత్త.

"పడితే వేళ్ల మాదిరి తేలతాదా? నీ చెయ్యి పెట్టు ఈడ."

అత్త చేయి పెట్టింది. నాలుగు మచ్చల మీద నాలుగు వేళ్లూ సరిగ్గా కూర్చున్నాయి. వెనకనున్న మచ్చ మీద బొటనవేలు. ముందురోజు శనివారం తలంటు పోసినప్పుడు బిడ్డ జారకుండా పట్టుకున్న పట్టు అది. అత్త చేయి తీసుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

కమలమ్మగారు గొంతు పెంచలేదు. "వయసైపోయినాది వదినా నీకు. పట్టు తెలీకుండా పోయినాది. ఇంగ చాల్లే" అన్నారు. అరిచినా బాగుండేది.

నేను ఊరుకుంటానా? "ఇన్నేండ్లుగా ఎవురికీ పడని మచ్చ మీ బిడ్డకే ఎట్ల పడె? ఊరంతా ఆమె చేతుల్లో పెరిగినోళ్లే గదా!" అని వీధి వినేలా దులిపేశాను. అత్త నా కొంగు పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఊళ్లో మాటకు కాళ్లొచ్చాయి. పై వీధిలో ఒక బాలింత, కింద వీధిలో ఇంకొకామె, "మా అమ్మ వస్తాండాది, ఆమె పోసుకుంటాది" అని ఒకే అబద్ధం చెప్పి పంపారు. అత్త గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. నేను మిషను మీదుంటే వచ్చి నా జబ్బ పట్టుకుని పిసికేది.

"నొప్పా మే?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదత్తా, నా ప్రాణం తీయకు!"

మామ చొక్కా విప్పి వీపు చూపించాడు. "రా, నన్ను రుద్ది చూడు. ఎట్లనో నాకూ ఒకనాటికి యోగం పట్టినాది." ఆమె నిజంగానే రుద్దింది. ఆయన చక్కిలిగిలి అంటూ మెలికలు తిరిగాడు. నేను నవ్వాను. అత్త నవ్వలేదు. ఆయన వీపు మీద మచ్చ కోసం సాయంత్రం దాకా చూసింది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున లక్ష్మీప్రియ కంపెనీ చీర మీదే, బిడ్డను భుజాన వేసుకుని మా వరండాలోకి వచ్చింది. వ్యాను వదిలేసింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"అవ్వా, నువ్వు రాకపోయినా పడ్తాండాయి" అంది. వాడి చంక కింద కొత్త మచ్చలున్నాయి. వాటి మీద తన చేయి పెట్టి చూపించింది. సన్నని వేళ్లు, సన్నని మచ్చలు. "ఇది నా చెయ్యి. ఎత్తుకున్నా, అంతే. ఎత్తుకుంటేనే పడినాది."

అత్త గబుక్కున వాడి గడ్డం పట్టి నోరు తెరిపించింది. చిగుళ్లు పండ్ల మీదికి పొంగి, ఎర్రగా కమిలి ఉన్నాయి. కాళ్లమీద సన్నసన్నని ఎర్రచుక్కలు, చీమలు కుట్టినట్టు.

"పండ్లు గాదు మే ఇది. అయ్యో, నేనే గదా చెప్పినా పండ్లని! మురళీ, ఆటో తియ్‌రా!"

మురళి ఆమె కొడుకు, షేర్ ఆటో నడుపుతాడు. తిరువళ్లూరు ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేశారు. ఆ కాగితం చూసిన డాక్టరు కూర్చోమని కూడా అనకుండా, ఇప్పుడే మద్రాసుకు తీసుకుపోండి, అంబులెన్సు పిలుస్తున్నాను అన్నాడు. మద్రాసులో ఎముకలోకి సూది వేసి మూలుగ తీశారు. రక్త క్యాన్సరు.

వివరం చెప్పిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓపికగా తమిళంలో చెప్పింది. మా అందరికంటే ముందు అత్తే అడిగింది, "అమ్మా, నా చేతుల వల్లనా?" అని. డాక్టరమ్మ ఆ చేతులు పట్టుకుని, కాదమ్మా, నెత్తురు గడ్డకట్టించే కణాలు బిడ్డలో అయిపోయాయి, దూదితో పట్టుకున్నా మచ్చ పడుతుంది అంది. చిగుళ్లు ఉబ్బింది కూడా ఆ జబ్బుతోనే అంది. పిల్లల్లో ఎక్కువగా చూసే రక్త క్యాన్సరు వేరే రకమట. అది రెండు నుంచి అయిదేళ్ల మధ్య ఎక్కువ, మందుకు బాగా లొంగుతుంది. వీడికొచ్చింది మైలాయిడ్ రకం. పిల్లల్లో తక్కువే, కానీ వస్తే రెండేళ్లు నిండని బిడ్డలకే ఎక్కువ. తర్వాత తగ్గి, ఈడొచ్చిన పిల్లల్లో మళ్లీ కొంచెం కనిపిస్తుంది. మందు ఘాటుగా ఇవ్వాలి, చాలామంది పిల్లలు బాగవుతారు, అందరూ కారు. ఎందుకొచ్చిందని లక్ష్మీప్రియ అడిగితే, చాలావరకు మాకూ తెలియదమ్మా, మీరు చేసిన తప్పేమీ లేదు, అసలు దీన్ని మేం ఎక్కువగా చూసేది అరవై దాటినవాళ్లలో, అంది.

అత్త లేచి వరండాలోకి వచ్చేసింది. నేను వెనకే పోయాను. బెంచీ మీద కూర్చుని తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"అరవై దాటినోళ్లకు వచ్చేదంట దీపీ. నేను ఆ బిడ్డ పక్కనే ఉండా గదే దినామూ. నన్ను దాటుకోని వాని కాడికి ఎట్ల పోయినాది?"

"ఊరుకో అత్తా."

"నా చేతులదే తప్పని చెప్పింటే బాగుండు. ఈ చేతులు నరికేస్తే బిడ్డ బతికిపోవును గదే."

ఆమె మీద పడిన నింద పోయింది. దానికి సంతోషించే మనిషి అక్కడ ఒక్కరూ లేరు.

మందు మొదలైంది. నెత్తురూ, అందులోంచి తీసే, గడ్డకట్టించే ఆ పసుపుపచ్చని కణాలూ ఎక్కిస్తూనే ఉండాలి, ఇచ్చేవాళ్లను తెచ్చుకోండి అన్నారు. ముకేశ్ బంధువులకు ఫోన్లు చేస్తుంటే, అత్త చెప్పులు వేసుకుని ఊరికి బయలుదేరింది. తనను వద్దన్న వీధులే, తనను చూసి లోపలికి తప్పుకున్న ఇళ్లే. తలుపు కొట్టి ఒకటే మాట అడిగింది. "నీకు నీళ్లు పోసినా గదా నాయినా. ఇప్పుడు నాకు నీ నెత్తురు కావల." తిరుత్తణి బస్టాండుకు పోయి, బస్సు బయలుదేరబోతుంటే ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి ఆరుముగాన్నీ అదే అడిగింది. మర్నాడు మద్రాసు రైల్లో మొదట ఎక్కిందీ ఆ బోండా ముక్కువాడే. వాడి వెనక ఒక పోలీసు, పాలవ్యాను డ్రైవరు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. ఆసుపత్రిలో వీళ్లంతా బిడ్డకు ఏమవుతారని అడిగితే ఏం చెప్పాలో ముకేశ్‌కు తెలియలేదు.

కమలమ్మగారు పెరియపాళయం అమ్మవారి గుడికి పోయి, ఆ వయసులో మొక్కుగా వేపాకులే చీరలా చుట్టుకుని గుడి చుట్టూ తిరిగారు. తిరిగొచ్చేసరికి మనవడి జుట్టు రాలిపోయింది. మురుగన్‌కు మొక్కుకున్న పుట్టువెంట్రుకలు ఆసుపత్రి దిండు మీద పడి ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరి పసుపుగుడ్డలో కట్టారు. మునిరాజ్ ఆ మూటను తిరుత్తణి కొండమీదికి తీసుకుపోయి హుండీలో వేశాడు. గుండు కొట్టించాల్సిన మేనమామ ఒడి ఖాళీగానే కొండ దిగింది.

వార్డులో వాడు ఎవర్నీ తాకనివ్వలేదు. నర్సును చూస్తే ఏడుపు. తల్లి తడిగుడ్డతో ఒళ్లు తుడవబోతే ఏడుపు. లక్ష్మీప్రియ నాకు ఫోన్ చేసి, "అవ్వను పంపించక్కా. నేనన్న మాటకి రాకుంటే, కాళ్లు పట్టుకుంటానని చెప్పు" అంది. ఈ మాట చెబితే అత్త నన్ను కసిరింది. "పసిబిడ్డ కాడ పంతాలేంది మే? అది పిలవకున్నా పోదామనే ఉండా. పట్టుకోవాలంటే బయం, అంతే."

వెళ్లింది. మూతికి గుడ్డ, చేతులకు మందు. బోడిగుండుతో, మెడ దగ్గర గొట్టంతో పడుకున్న వాడిని చూసి మంచానికి ఒకడుగు దూరంలోనే ఆగిపోయింది. చేతులు వెనక్కి దాచుకుంది. మూతికి గుడ్డ ఉన్నా వాడు కళ్లను బట్టి పోల్చుకున్నాడు.

"కుప్పా" అన్నాడు. చేయి చాచి, ఆమె వేలు పట్టుకుని, తన గుండు మీద పెట్టుకున్నాడు. నీళ్లు పొయ్యమని.

ఆమె గోరువెచ్చని నీళ్లు గిన్నెలో తెప్పించి, మోచేయి తగిలించి చూసుకుని, మెత్తటి గుడ్డ పిండి, ఒక్కో వేలూ, చెవి వెనకా, మడతలన్నీ అద్దింది. రుద్దలేదు. వాడు ఏడవలేదు. చివర గిన్నెలో వేళ్లు ముంచి తల చుట్టూ తిప్పి, "నూరేండ్లు ఆయుసు నా కన్నా" అంది. లక్ష్మీప్రియ గోడవైపు తిరిగి నిలబడింది. ఆ తర్వాత అత్త ఊళ్లో కంటే వార్డులోనే ఎక్కువగా ఉంది.

మొదటి విడత మందుకు జబ్బు తగ్గిందన్నారు. ఊరంతా సంబరపడ్డాం. కొన్నాళ్లు ఇంటికి కూడా తెచ్చారు. వాడు మా వరండాలోకి వచ్చి నా మిషను తొక్కుడు చెక్క మీద కూర్చుని ఊగాడు. అదే వార్డులో అదే జబ్బుతో ఉన్న ఆరంబాక్కం ఊరి పిల్ల మందంతా పూర్తయి బాగై ఇంటికి పోయింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. రెండో విడత మందులో మావాడి ఒంట్లో పోరాడే కణాలు పూర్తిగా పడిపోయాయి. జ్వరం పట్టుకుంది. ఏ మందుకూ దిగలేదు. ఒక మధ్యాహ్నం, తల్లి చేయి పట్టుకుని ఉండగానే పోయాడు. రెండేళ్లు కూడా నిండలేదు. ఇంత నెత్తురు ఇచ్చాం, ఇంత తిరిగాం, ఏ దేవుడికీ బిడ్డను కాయడానికి చేతులు రాలేదా? నాకు ఇప్పటికీ కోపమే.

ఇంటికి తెచ్చారు. పసిబిడ్డలను కాల్చరు, పూడుస్తారు. అంతకుముందు స్నానం చేయించాలి. కమలమ్మగారు కూలబడి ఉన్నారు. పెద్దవాళ్లెవరో తొట్టిలో నీళ్లు పట్టి ఇలా తెండి, రెండు చెంబులు పోసేద్దాం అన్నారు. లక్ష్మీప్రియ బిడ్డను ఎవరికీ ఇవ్వలేదు. లేచి నేరుగా అత్త దగ్గరికి వచ్చి, ఆమె చేతుల్లో పెట్టింది.

అత్త పెరట్లోకి నడిచింది. "నీళ్లు కాయండి" అంది.

"ఎందుకు వదినా ఇప్పుడు, సన్నీళ్లు చాలు గదా" అన్నారెవరో.

"సన్నీళ్లు వానికి పడవు."

మామ పొయ్యి వెలిగించాడు. అత్త పీట వేసుకుని, చీర ఎగదోపుకుని, కాళ్లు బారజాపి, వాడిని ఎప్పటిలాగే పడుకోబెట్టుకుంది. మోచేయి ముంచి వేడి చూసింది. ఎక్కువైందని ఒక చెంబు చన్నీళ్లు తొరిపించింది. కొబ్బరినూనె, పెసరపిండి, ఏదీ వదల్లేదు. ఒళ్లంతా మచ్చలే. ఆమె చేతులు ఈసారి భయపడలేదు, గట్టిగానే పట్టుకుంది. ముక్కు రెండు వేళ్లతో సాపు చేసింది. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఆరుముగం ఉన్నాడు, తల గోడకానించి ఏడుస్తున్నాడు.

ఆఖరి గుక్కెడు దోసిట్లో పట్టింది. తల చుట్టూ తిప్పింది. "రామయ్య రక్ష, మురుగయ్య రక్ష" అంది. అక్కడ ఆగిపోయింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి.

గడపలో నిలబడిన లక్ష్మీప్రియ అంది, "చెప్పవ్వా. అది చెప్పకుండా నా బిడ్డను యాడికీ పంపద్దు."

కుప్పమ్మత్త తల వంచి వాడి ముఖంలోకి చూసింది.

"నూరేండ్లు ఆయుసు నా కన్నా" అంది. మిగిలిన నీళ్లు నేలమీద వదిలి, తువ్వాలు ఇమ్మని నాకు చేయి చాచింది.